పేపరక్క ఎడమ చెవి

కారుకు సొట్ట పడితే ఓనరు ముఖానికీ సొట్ట పడుతుంది. ఆ రెండింటినీ సరిచేసే షెడ్డు ఒకటుంది. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ సిమెంటు నేల, మూలన రొప్పుతూ గాలి మింగే కంప్రెసరు. అందులో ముగ్గురే మనుషులు. సుత్తితో కొట్టి సొట్టలు లేపేది బావమరిది. లేపిన చోట పూసిన పుట్టీని రుద్ది నున్నగా చేసేది అతని అక్క. చివరికి రంగు కొట్టి, ఆ కారు పుట్టి బుద్ధెరిగాక దెబ్బే తినలేదని లోకాన్ని నమ్మించేది ఆమె మొగుడు, పెయింటరు.

ఆమెను వీధంతా పేపరక్క అనేది. చదివే పేపరు కాదు, రుద్దే ఎమరీ పేపరు. పొద్దున్నే చేతిలోకి తీసుకున్న ముక్కను సాయంత్రం దాకా వదిలేది కాదు. బకెట్లో ముంచడం, రుద్దడం, మళ్ళీ ముంచడం. గోళ్ళు సగం అరిగిపోయి ఉండేవి. ఆ పుట్టీ పొడి పగలంతా ఆమె జుట్టులో, కనుబొమల్లో, చెవుల్లో పేరుకునేది. మధ్యాహ్నానికే ముసలమ్మలా కనబడేది.

అందుకే ఆ షెడ్డులో ఒక అలవాటు పుట్టింది. పని ముగిశాక పెయింటరు కంప్రెసరు గొట్టానికున్న రంగు గన్ను ఊడదీసి గాలి ముక్కు బిగించేవాడు. పెళ్ళాన్ని వాకిట్లో నిలబెట్టి గాలితో దులిపేవాడు. ముందు జుట్టు, తరవాత చెవులు, మెడ, వీపు, చేతులు. ఆమె చక్కిలిగింతలకు గెంతేది, తిట్టేది, నవ్వేది. తెల్లటి పొడి పొగలా లేచిపోయి, అందులోంచి ఆమె అసలు వయసు బయటికొచ్చేది.

"పెళ్ళయి ఇన్నేళ్ళయినా సిగ్గులేదు మీకు. నన్ను దులిపే దిక్కే లేదు!" అనేవాడు బావమరిది.

"నిన్ను దులపాలంటే గాలి చాలదురా, చీపురుకట్ట కావాలి" అనేవాడు పెయింటరు.

పెయింటరుకు చేతిలో పని ఎంతో నోట్లో గొప్పలూ అంతే. ఏ రంగైనా చూపించు, పొద్దుగూకేలోగా కలిపిస్తా అనేవాడు. అన్నమాట ప్రకారం కలిపేవాడు కూడా. ఒకరోజు అన్నాలు తినే వేళ బావమరిది ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. ఎక్కడో వేడి సముద్రంలో దీవులు. వీపుకు గాలి సిలిండరు కట్టుకున్న మనుషులు నీళ్ళలోకి దిగి, పగడపు దిబ్బల మధ్య నింపాదిగా తేలుతున్నారు. చేపలు వాళ్ళను చూసి బెదరడం లేదు. పేపరక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏమయ్యా, ఈ నీలం కలపగలవా?"

"అదెంతసేపు!" అన్నాడు.

డబ్బాలన్నీ తెరిచాడు. నీలంలో ఆకుపచ్చ వేశాడు, తెలుపు వేశాడు, మెరుపు పొడి వేశాడు. ఏది కలిపినా కారు రంగే వచ్చింది కానీ సముద్రం రాలేదు. పరువు పోతుందని చివరికి, "ఫోన్లో చూసి కలపమంటే ఎట్లా? అక్కడికెళ్ళి లోపల చూస్తేగానీ కుదరదు" అన్నాడు.

తప్పించుకోవడానికి అన్న మాట అది. ఆమె పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళు. "అయితే వెళ్దాం" అంది.

అప్పటినుంచి ఆ షెడ్డు సగం షెడ్డు, సగం ఓడరేవు. మిగిలిపోయిన రంగులతో గోడ మీద దీవులు వెలిశాయి. డాక్టరుగారి కారు ఎరుపు ఒక దీవి, పెళ్ళికొడుకు కారు బంగారు రంగు ఇంకో దీవి. ఏ దీవి దగ్గర ఏ కాలంలో నీళ్ళు తేటగా ఉంటాయో, ఎక్కడ తాబేళ్ళు వస్తాయో పేపరక్క ఫోన్లో వెతికి చెప్పేది. ఏ దీవి ముందు, ఏది తరవాత అని మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకునేవారు.

"ముందు తాబేళ్ళ దీవి."

"తాబేళ్ళు ఎక్కడికీ పారిపోవే! వాటి నడక చూశావా? ముందు పగడాల దీవి" అనేవాడు పెయింటరు.

"నువ్వు మాట్లాడితే వినదు బావా, వదిలెయ్. అక్క నీ మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తుంది" అని బావమరిది నిప్పులో నెయ్యి పోసేవాడు.

నిజమే, ఈ మధ్య అతని మాటలు ఆమెకు సగమే ఎక్కుతున్నాయి. పడుకున్నాక పక్కనుంచి ఏదో చెబితే పలికేది కాదు. అలిగిందనుకొని అతనూ అటు తిరిగి పడుకునేవాడు. తెల్లారాక, "రాత్రి అంత పొగరేంటే?" అంటే తెల్లబోయేది. దానిమీద ఒక పూట మాటలుండేవి కావు. కాపురమన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నాడు.

ఊళ్ళోని ఈతకొలనులో డైవింగ్ నేర్పే మాస్టారొకడున్నాడు. ఏడాదికోసారి తన శిష్యుల్ని దీవులకు తీసుకెళ్తాడు. ఈత రాకపోతే రానివ్వనన్నాడు. ఇద్దరూ సెలవు రోజుల్లో ఈత నేర్చుకున్నారు. పెయింటరు మునిగి, మింగి, దగ్గి, ఎలాగో గట్టెక్కాడు. పేపరక్కకు తొందరగానే వచ్చింది, కానీ బాతులా తల పైకెత్తే ఈదేది. ముంచమంటే జుట్టు పాడవుతుందనేది. ఒళ్ళంతా పుట్టీ పూసుకునే మనిషికి జుట్టు మీద ఇంత యావేంటని అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ప్రయాణానికి టికెట్లు తీసేశారు. సిలిండర్లు కట్టుకొని కొలను లోతువైపు దిగే రోజు వచ్చింది. దిగేకొద్దీ ముక్కు మూసి లోపలినుంచి గాలి ఊదాలి, చెవులు తేలికవుతాయి అని మాస్టారు చూపించాడు. పెయింటరు దిగి అడుగున కూర్చున్నాడు. పైకి చూస్తే ఆమె కాళ్ళు వస్తున్నాయి. నడుం, భుజాలు, తల. ఉన్నట్టుండి ఆమె గిర్రున తిరిగిపోయింది. పైదేదో కిందదేదో తెలియనట్టు చేతులు కొట్టుకుంటోంది. మాస్టారు ఒడిసిపట్టి పైకి తెచ్చేసరికి గట్టు పట్టుకొని వాంతి చేసుకుంది. ఎడమ చెవిలోంచి పల్చగా నెత్తురు.

చెవి డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. వినికిడి పరీక్ష చేయించింది.

"కర్ణభేరికి చిల్లుంది. ఇవాళ్టిది కాదు, పాతది. లోపలి నరం కూడా దెబ్బతింది. ఈ చెవికి వినికిడి చాలా తక్కువ. నీకు తెలుసుగా?"

పేపరక్క తల దించుకుంది.

"చిల్లు పూడ్చొచ్చు. అయినా లోతు నీళ్ళలోకి మాత్రం ఎప్పటికీ వద్దు. ఉన్నది కూడా పోతుంది, లోపలే తల తిరిగితే మనిషే పోతుంది. విమానం ఎక్కు, పడవ ఎక్కు, కొండ ఎక్కు. నీళ్ళ కింద సంగతి మర్చిపో." తరవాత చీటీ రాస్తూ మామూలుగా అడిగింది. "ఎలా తగిలింది? ఎవరైనా కొట్టారా? పక్కన టపాకాయలాంటిదేమైనా పేలిందా? గాలి గట్టిగా తగిలిందా?"

"చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డానండీ" అంది పేపరక్క. మరీ తొందరగా అంది.

పెయింటరుకు ఒక సాయంత్రం గుర్తుకొచ్చింది. ఎప్పట్లాగే దులుపుతున్నాడు. బావమరిది వెనకనుంచి ఏదో జోకు వేశాడు, నవ్వుతూ ఆమె తల తిప్పింది, గాలి ముక్కు సూటిగా చెవిలోకి పోయింది. ఆమె చెవి మూసుకొని కిందకు కూలబడింది. "ఏమైందే?" అంటే, "పొద్దుట్నుంచి ఏమీ తినలేదుగా, కళ్ళు తిరిగాయి" అంది. తరవాత కూడా రోజూ దులిపాడు. ఆ రోజు తరవాత దులిపేటప్పుడు ఎడమ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అది చూసి మురిపెం అనుకున్నాడు.

ఇంటికొచ్చారు. తలుపు వేశాక అడిగాడు.

"ఏ చెట్టే అది?"

"ఏదో చెట్టు."

"నీ బతుకులో నువ్వు చెట్టెక్కావా? కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటేనే ఏడుస్తావు. ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే మానేసేవాడివిగా."

"మానేసేవాణ్ణే! మానక ఏంచేస్తాను?"

"అందుకే చెప్పలేదు." ఆమె మంచం అంచున కూర్చుంది. "పొద్దున్నుంచి ఏదో ఒక కారు ముఖమే చూస్తావు. దాన్ని చూసినంత శ్రద్ధగా నన్ను చూసేది దులిపే ఆ కాసేపేనయ్యా. ఒక్క చెవే కదా పోయింది, ఇంకోటుందిగా అనుకున్నాను. నీళ్ళకి రెండూ కావాలని నాకేం తెలుసు?"

పెయింటరు గోడకు తల కొట్టుకున్నాడు. నిజంగానే కొట్టుకున్నాడు. ఆమె లేచి అతని నుదురు పట్టుకొని, "చాల్లే, అది సొట్టపడితే మా తమ్ముడు కూడా లేపలేడు" అంది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆమె భోరుమంది.

వెళ్ళనన్నాడు. నువ్వు లేని సముద్రం నాకెందుకన్నాడు. ఆమె మొండికేసింది. తనూ వస్తుంది, పడవలో కూర్చుంటుంది, అతను దిగి చూసి చెప్పాలి. బావమరిది ముఖం చూస్తే వాడిపోయి ఉంది. ఆ రోజు జోకు వేసింది తనేనని ఎవరూ అనలేదు, అతనే అనుకున్నాడు. "తీసుకెళ్ళు బావా. అక్క అడిగింది ఇదొక్కటే" అన్నాడు.

వెళ్ళారు. దీవులు ఫోన్లో కన్నా చిన్నవి, ఎండ ఫోన్లో కన్నా పెద్దది. పడవలో మిగతావాళ్ళంతా కట్టుకోవాల్సినవి కట్టుకుంటుంటే, పేపరక్క దూది పెట్టిన చెవికి గుడ్డ చుట్టుకొని మొగుడి వీపు పట్టీలు తనే లాగి బిగించింది. "దూకు" అంది.

దిగాడు. చెవులు ఊదుకుంటూ, మాస్టారి వెనకే దిగాడు. ఫోన్లో చూసినవన్నీ కళ్ళముందుకొచ్చేశాయి. ఎర్రటి పగడం లోతుకు పోయేకొద్దీ ఎరుపు వదిలేసి బూడిదైంది. మాస్టారు టార్చి వేస్తే మళ్ళీ భగ్గుమంది. పసుపు చేపలు గుంపుగా అతని పక్కనుంచి తిరిగాయి. ఆ చివర నీలం. దానికి అడుగు లేదు. ఏ డబ్బాలోనైనా రంగుకు ఒక అడుగుంటుంది, దీనికి లేదు. కలపలేనని అతనికి అర్థమైంది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు. ఊపిరి బుడగలు పైకి పోతుంటే చూస్తూ ఉండిపోయాడు.

పైకి తేలి కళ్ళద్దం తీశాడు. ఆమె పడవ అంచు మీద వంగి ఉంది.

"ఎలా ఉంది?"

"ఏముందే? ఇసుక, నాచు. అంతా మసక. నువ్వు దిగకపోవడమే మంచిదైంది."

పేపరక్క అతన్ని పరీక్షగా చూసింది. "పైకొచ్చేటప్పుడు నవ్వుతున్నావు. నన్ను చూడగానే ఆపేశావు."

అతను పడవ నిచ్చెన పట్టుకొని నీళ్ళలోనే ఉన్నాడు.

"అబద్ధం చెప్పడానికా ఇంత దూరం తీసుకొచ్చింది? చెప్పు."

"చాలా బాగుందే" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "చాలా బాగుంది. అక్కడున్నంతసేపూ... నువ్వు గుర్తుకే రాలేదు."

ఆమె చెవికి చుట్టిన గుడ్డ సర్దుకుంది. పక్కనెవరో పండు వలుస్తున్నారు, మాస్టారు ఎవరి సిలిండరో మారుస్తున్నాడు. పేపరక్క "ఊఁ" అంది. "అంత బాగుంటుందనే అనుకున్నాను."

మాస్టారు రెండోసారి దిగడానికి పిలిచాడు. పెయింటరు రానని తల ఊపాడు. పేపరక్క వంగి అతని భుజం మీద చెయ్యి వేసి నీళ్ళలోకి నెట్టింది.

"పోవయ్యా. ఇద్దరం ఏడుస్తూ కూర్చోవడానికి మన షెడ్డు చాలదా? పో."

దిగాడు. ఈసారి లోతుకు పోలేకపోయాడు. మాస్టారు కిందినుంచి రమ్మని చెయ్యి ఊపుతున్నా, పడవ నీడలోనే ఆగి పైకి చూశాడు. పడవ అడుగు చెక్క, దాని చుట్టూ విరిగిన వెలుగు. ఆ అంచున నీటిపొరను చీల్చుకొని ఒక చెయ్యి లోపలికొచ్చింది. అరిగిన గోళ్ళ చెయ్యి. వేళ్ళు విప్పుకొని, మణికట్టు దాకా దిగి, అక్కడ ఆగిపోయింది. అంతకన్నా కిందికి రాలేదు. చిన్న చేపలు రెండు దాని దగ్గరికొచ్చి, వేళ్ళ మధ్యనుంచి తిరిగి వెళ్ళిపోయాయి.