ఏడుపు పాట కింద డిస్కో బీటు

డీజే పనిలో మాకు ఒకటే నియమం ఉండేది. గొడవ మొదలైతే పాట ఆపకూడదు. పాట ఆగిందంటే అందరి చెవులూ తిట్ల మీదికి పోతాయి, చేతులు కుర్చీల మీదికి పోతాయి. అందుకని సౌండు ఇంకాస్త పెంచి, అందరికీ నచ్చే పాట ఒకటి ఎక్కించాలి. బరాత్‌లలో ఎన్ని తాగుబోతు కొట్లాటలను అట్లా మింగేశామో లెక్కలేదు. ఈ నియమం నాకు నేర్పింది నా జోడీదారు. ఆ రాత్రి దాన్ని పాటించి ఒళ్లు హూనం చేసుకున్నదీ వాడే.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో మాకో చిన్న షట్టర్ కొట్టు ఉండేది. రెండు ప్లేయర్లు, ఒక మిక్సర్, మనిషంత ఎత్తు బేస్ డబ్బాలు నాలుగు. డబ్బాలు మోయడం, వైర్లు, మైకు నా పని. పాటలు కలపడం వాడి పని. మావాళ్లు నల్గొండ దిక్కు నుంచి వచ్చి లారీల మీద బతికినవాళ్లు. వాడి అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డారు. వాడికి డిస్కో అంటే పిచ్చి. మేనమామ దాచుకున్న పాత క్యాసెట్లు వింటూ పెరిగాడు. ఏ పాట కిందైనా ఆ డుమ్ డుమ్ డుమ్ డుమ్ పడితే మంచం మీది ముసలమ్మ కూడా కాలు కదుపుతుందనేవాడు. నిజమే, కదిపేవాళ్లు.

తెలంగాణ ఇస్తామని చెప్పి, మళ్లీ ఆగమన్న డిసెంబరు అది. ఎల్బీనగర్ చౌరస్తాలో రిలే దీక్షల టెంటుకు నేను ఊరికే మైకు పెట్టాను. అక్కడ ఒకామె రోజూ తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల మీద పాట పాడేది. డప్పు మీద మెల్లగా నడిచే పాట. ఒకరోజు దాన్ని మిక్సర్ నుంచి నేరుగా రికార్డు చేసుకుని, షట్టర్లో కూర్చుని కింద డిస్కో బీటు వేశాను. నిమిషానికి అరవై దెబ్బల పాట నూట ఇరవై మీద అచ్చు గుద్దినట్టు కూర్చుంది. నేను సొంతంగా చేసిన మొదటి మిక్స్ అది. ఎంత మురిసిపోయానో!

వాడు విని తల గోక్కున్నాడు. "బాగుందిరా. కానీ పోయినవాళ్ల పాట కదా, దీనికి డాన్స్ చెయ్యొచ్చా?"

"నీకేం తెల్వదు. మా దిక్కు శవం ముంగట గూడ డప్పు కొట్టి ఆడతరు. ఏడ్సుకుంటనే ఆడతరు," అన్నాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అక్కడ ఆడేది పోయినవాడి సొంతవాళ్లే అన్న ముక్క మాత్రం చెప్పలేదు. వాడు నా మాట నమ్మి ఆ పాటను తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు.

ఈసారి న్యూ ఇయర్ చేసుకోవద్దని టెంటులో చెప్పినప్పుడు నేనూ తల ఊపాను. కానీ థర్టీఫస్ట్ నైట్ ప్రోగ్రాం అంతకుముందే ఒప్పుకున్నాం. ఎల్బీనగర్ దాటాక ఒక కాలనీ, అందులో ఖాళీ ప్లాటు. ఎక్కువగా ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లే. వాడు పాత డిస్కో పాటలు ఒకదాంట్లోకి ఒకటి ఒలకబోస్తుంటే, కాగితం టోపీలు పెట్టుకున్న లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ల భార్యలు చెమటలు కారేలా ఆడారు. నేనూ ఊగాను, దాచుకోవడమెందుకు.

పదకొండు దాటాక గేటు విరిగిన చప్పుడైంది. ఇరవై మంది దాకా లోపలికి దూసుకొచ్చారు. చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో సైకిల్ చైను. ముందున్నవాడు టెంటులో రోజూ నా పక్కన కూర్చుని చాయ్ తాగేవాడే. హాస్టల్లో వాడి గదిలో ఉండే దోస్తు చనిపోయి పదిరోజులు కాలేదు.

"పోరగాళ్లు సస్తుంటే మీకు డాన్సులారా? బంద్ చెయ్!"

"ఏంటండీ ఈ దౌర్జన్యం? మా కాలనీలో మేం..." అంటూ ఒక పెద్దాయన ముందుకు వచ్చాడు. మాట పూర్తి కాకముందే కర్ర ఆయన మూతి మీద పడింది. టోపీ ఎగిరిపోయింది, పళ్ల మధ్య నుంచి రక్తం కారింది. ట్యూబులైట్లు పగిలాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గోడ వైపు పరుగెత్తారు. కుర్చీలు గాల్లో లేచాయి.

స్టేజీ మీద నా పక్కనున్న మావాడు పాట ఆపలేదు. నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. వీళ్లకు నచ్చే పాట తన దగ్గర ఉందని వాడి ధీమా. ఏం వెయ్యబోతున్నాడో నాకు అర్థమైంది. నా కాలి దగ్గరే మెయిన్ ప్లగ్గు ఉంది. పీకలేదు. ఒక్క క్షణం నాకూ అది మంచి ఉపాయమే అనిపించింది.

ఆమె గొంతు నాలుగు డబ్బాల్లోంచి లేచింది. కర్రలు ఆగాయి. అమ్మయ్య అనుకున్నాను. అంతలో కింద బీటు పడింది. వెనక మూల తాగి ఉన్న నలుగురైదుగురు, అసలేం జరుగుతోందో తెలియనివాళ్లు, చేతులెత్తి ఈల వేసి ఎగరడం మొదలుపెట్టారు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే.

"మా సచ్చినోల్ల మీద ఎగురుతున్నరారా!" అని ముందున్నవాడు పెట్టిన కేక ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. స్టేజీ మీదికి ఎక్కారు. కేక పెట్టినవాడు నా భుజం పట్టుకుని ఊపాడు. "అన్నా, నువ్వు మనోడివి. ఈ పాటను గిట్ల ఖరాబ్ జేసింది ఎవడో చెప్పు."

మావాడు నా వైపు చూశాడు. నా పేరు చెప్పలేదు. ఊరికే చూశాడు, అంతే. ఆ చూపుకు నాకు ఒళ్లు మండింది. కుడి చెయ్యి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి వాడి ఎడమ చెంప మీద కొట్టాను. అడిగినదానికి అదే నా జవాబు.

తర్వాతి పని కర్రలు చూసుకున్నాయి. లాప్‌టాప్‌ను కాళ్లతో తొక్కారు. పాట ఆగింది. పాట లేకపోయేసరికి కర్ర ఎముకకు తగిలే చప్పుడు ప్రతిదీ విడివిడిగా వినిపించింది. వీపు మీద, మోకాళ్ల మీద, అడ్డం పెట్టిన చేతి మీద. దోస్తును పోగొట్టుకున్నవాడు వెక్కి వెక్కి ఏడుస్తూనే కొట్టాడు. నేను అడ్డం పడితే రెక్క పట్టి పక్కకు లాగారు. నా మీద ఒక్క దెబ్బ పడలేదు.

పొద్దున దవాఖానలో డాక్టరు వాడి చేతికి కట్టు కట్టించి, ఎడమ చెవిలోకి లైటు వేసి చూశాడు. "లోపల పొర చినిగింది. ఇది కట్టె దెబ్బ కాదు, అరచేతి దెబ్బ. ఎవరు కొట్టిండ్రు?"

"గుంపులో ఎవరోనండి," అన్నాడు వాడు.

ఆ చెవికి వినికిడి మళ్లీ సరిగ్గా రాలేదు. ఆ పొద్దునకే ఏదో కథ అల్లుకున్నాను, నేను ముందు కొడితే వాళ్లు వదిలేస్తారనుకున్నానని. తర్వాత చాలామందికి అదే చెప్పాను. ఆ రోజు వాడికీ చెప్పబోయాను.

"చెంపదెబ్బ సంగతి నేనడగనురా," అన్నాడు వాడు, దవాఖాన మెట్ల మీద కూర్చుని. "పాట నాది అని ఒక్క మాట ఎందుకనలేదు?"

"కొడతరని భయమైంది."

వాడు తల ఊపాడు. నాకు దెబ్బల భయమని నమ్మి, ఆ భయానికి నన్ను క్షమించాడు. నేను దాన్ని దిద్దలేదు. నాదని చెబితే వాళ్లు నన్ను కొట్టేవాళ్లు కాదు. మనోడే, తెల్వక చేసిండని రెండు తిట్లు తిట్టి వదిలేసేవాళ్లు. ఆ సంగతి నాకు స్టేజీ మీదే తెలుసు. ఆ రెండు తిట్లు తప్పించుకోవడానికి వాడి చెవి పోగొట్టాను.