చాపిన చెయ్యి దించని మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు మొన్న బుధవారం పొద్దున వచ్చింది. కామారెడ్డిలో నేను పాఠాలు చెప్పే స్కూలుకు బయలుదేరుతున్నాను. ఫోన్ చేసింది మా నాన్న, మేం బాపు అంటాం. "మీ అత్త పోయింది బిడ్డా" అన్నాడు. తర్వాత ఎవరితోనో తగాదాకు దిగినట్టు, "ఇగ నాతోటి ఎవలు కొట్లాడాలె?" అని ఫోన్ పెట్టేశాడు.

నేను బస్సెక్కేలోపే మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. చుట్టూ గులాబీలు, కింద ఒక వాక్యం: మౌనంగా సేవ చేసిన తల్లి ప్రభువునందు నిద్రించింది. ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్నే చదువుతూ పోయాను. లింగంపేట దాటేసరికి ఏడుపు ఆగి కోపం మొదలైంది. మా అత్త మౌనంగా చేసిన పని ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. వంట కూడా మాట్లాడుతూనే చేసేది. పోయిన మనిషికి పూలు పెట్టవచ్చు, కానీ ఆ పూలతో ఆమె నోరు మూయడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎల్లారెడ్డికి దగ్గర్లోని మా ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరు. పెళ్లయిన కొద్ది కాలానికే మామ జబ్బు చేసి పోతే, తిరిగి వచ్చి మా ఇంటి పక్కనే ఒక గది వేసుకుని ఉండిపోయింది. పిల్లలు లేరు. ఆదివారం మా చిన్న చర్చిలో సండే స్కూలు చెప్పేది. మా బాపు ఆ సంఘానికి పెద్ద. అన్నాచెల్లెళ్లు ఒకే చాలు దున్నుకునే ఎడ్లలా ఉంటారని ఊళ్లో అనుకునేవారు. నిజానికి ఒకటి అటు లాగితే రెండోది ఇటు లాగేది.

ఆమె కళ్లు తెరిచే ప్రార్థన చేసేది. చిన్నప్పుడు నేను అడిగాను, "అత్తా, కండ్లు మూసుకోవా?" అని.

"మూసుకుంటే ఎవలు ఏడుస్తున్నరో ఎట్ల కనవడ్తది?" అంది.

సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పిన పిల్లలకు బెల్లం ముక్క పెట్టడం మా దగ్గర పాత అలవాటు. మా అత్త దాన్ని తిరగేసింది. పిల్లలు వచ్చి చాప మీద కూర్చోగానే అందరి చేతుల్లో బెల్లం పెట్టి, అది నోట్లో కరుగుతుండగా వాక్యం చెప్పించేది. వచ్చినవాడికీ రానివాడికీ ఒకటే ముక్క. ఒకసారి బాపు గుమ్మంలో నిలబడి చూశాడు.

"గిట్ల ముందే పెడితే ఎవడు నేర్చుకుంటడు చెల్లె?"

"నేర్చుకున్నందుకు పెడితే అది కూలి అయితది అన్నా. కూలి సంగతి ఈ పిల్లలకు ఇంట్లనే తెలుసు, పొద్దూకులు చూస్తనే ఉంటరు. కృప అంటే ఏందో ఈడనన్న తెల్వనీ."

బాపు అడ్డుపడలేదు. మెచ్చుకోనూ లేదు.

సువార్తలో ఆమెకు అందరికన్నా ఇష్టమైన మనిషి పేరు లేని ఒక తల్లి. పరాయి దేశపు మనిషి, బిడ్డను బాగు చెయ్యమని యేసు వెంట పడుతుంది. ఆ కథ చెప్పేటప్పుడు మా అత్త కూర్చోలేకపోయేది, లేచి చర్చి అంతా తిరుగుతూ చెప్పేది.

"శిష్యులు ఎల్లగొట్టుమన్నరు. ప్రభువు సుత నీకోసం రాలేదన్నడు. ఇంకొకతె అయితే కొంగుతోటి కండ్లు తుడుచుకుంట ఇంటికి పోతుండె. ఈమె పోయిందా? పోలే! మాటకు మాట చెప్పింది. అప్పుడు ఆయన నోరు మూసుకోమన్నడా? నీ విశ్వాసం గొప్పదన్నడు. ఇనుండ్రి పిల్లలూ, విశ్వాసమంటే తల ఊపుడు కాదు. తలుపు కాడ్నుంచి కదలకపోవుడు."

ఆ మాట ఆమెకు ఎంత ప్రాణమో నాకు డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఎండాకాలం తెలిసింది.

మా సంఘంలో ఒక అవ్వ ఉండేది. ఆమె ఒక్కగానొక్క కూతురు నాకన్నా కొంచెం పెద్దది. ఆ ఎండాకాలం తన ప్రాణం తానే తీసుకుంది. ఎందుకన్నది ఇవాళ్టికీ ఎవరికీ పూర్తిగా తెలియదు, తెలిసినట్టు మాట్లాడినవాళ్లను మా అత్త మాట్లాడనివ్వలేదు. శవం ఇంటి ముందు ఉండగానే సంఘపు పెద్దలు చర్చిలో కూర్చున్నారు. బాపు బయటికి వచ్చి చెప్పాడు. దేవుడిచ్చిన ప్రాణాన్ని అట్లా తీసుకున్న మనిషికి సంఘం సమాధులుండే బొందలగడ్డలో జాగ లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు, కొత్తగా వచ్చిన కుర్రాడు. ఇంటి దగ్గర ప్రార్థన చేస్తానని మాత్రం అన్నాడు. పెద్దల మాట దాటే ధైర్యం ఇంకా రాలేదు.

బొందలగడ్డను ఆనుకుని ఒక పటేలు పొలం ఉంది. వాళ్లు హిందువులు, మంచి మనుషులు. సంగతి తెలిసి ఆయనే వచ్చాడు. "మా చెల్క ఒడ్డుకు పెట్టుకోండ్రి. నేనేమీ అనుకోను" అన్నాడు. అవ్వ ఆయన కాళ్ల మీద పడబోయింది. మా అత్త ఆమె భుజం పట్టి లేపింది.

"మీది పెద్ద మనసు పటేలా. నేను సచ్చేదాక మర్సిపోను. గని ఈ పిల్లకు తండ్రి ఇల్లున్నది. ఇల్లుండంగ పక్కింట్ల పండుకోబెట్టను."

అంగన్‌వాడీకి కట్టుకెళ్లే అదే చీరె కొంగు నడుముకు చుట్టి, మా ఇంటి గోడకు ఆనించి ఉన్న గడ్డపార తీసుకుని బొందలగడ్డకు నడిచింది. నేను పార పట్టుకుని వెనకాల పోయాను. ఎండకు నేల రాయిలా ఉంది. ఒక్కో దెబ్బకు పిడికెడు మట్టి కూడా లేవలేదు. ఆమె అలవాటు లేని చేతులతో కొడుతూనే ఉంది. కాసేపటికి బాపు వచ్చాడు. వెనకాల సగం ఊరు.

"ఆపు చెల్లె. ఇది సంఘం జాగ. నేను వద్దంటున్న."

"నువ్వు పెద్దవే అన్నా. కాదన్ననా? గని ఈ జాగల మనం ఎవలం హక్కుతోటి రాలే. ఊకెనే ఒచ్చినం, ఊకెనే పంటం."

"నీకేం తెల్వది! ఇయ్యాల ఈమెను ఈడ పెడితే రేపు పిల్లలు ఏమనుకుంటరు? గిట్ల చేసినా నడుస్తదనుకోరా?"

ఆ మాట అంటున్నప్పుడు బాపు గొంతు వణికింది. ఆయనకు ఆ పిల్ల మీద కోపం లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఆయనది భయం. సంఘంలో పెళ్లీడు పిల్లలందరినీ చూసి భయం, నన్ను చూసి కూడా. మా అత్తకూ అది వినిపించినట్టుంది. గడ్డపార కింద ఆనించి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"పిల్లలు ఏమనుకుంటరో నేను చెప్త అన్నా. ఎంత దూరం పోయినా ఇంటోళ్లు తలుపు మూయరు అనుకుంటరు. గట్ల అనుకున్న పిల్లలు బతుకుతరు. ఇగ జాగ లేదనుకున్నోళ్లే పోతరు."

"దేవునికి ఏం జవాబు చెప్తవ్?"

"సిలువ మీద పక్కపొంటి ఉన్న దొంగ ఆఖరి ఊపిరికి ఒక్క మాట అడిగిండు. ఆయన కాదన్నడా? ఈ పిల్ల ఆఖరికి ఏం అడిగిందో నువ్వు ఇన్నవా? నేనూ ఇనలే. ఇన్నాయన ఉన్నడు. ఆయనకు నేనే జవాబు చెప్త, నువ్వు ఇంటికి పో."

బాపు వెళ్లిపోయాడు. మా అత్త మళ్లీ గడ్డపార ఎత్తింది. కాసేపటికి నాట్లు వేసే కూలీ ఒకామె ముందుకు వచ్చి, "నీకు చేతనైతలేదు, ఇటు ఇయ్యి" అని గడ్డపార లాక్కుంది. ఇంకొకామె తట్ట తెచ్చింది. ఆడవాళ్లే తవ్వారు. మట్టి ఎత్తే సమయానికి అయ్యగారు చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చి గుంతలో దిగాడు. ఆయనే ప్రార్థన చేశాడు. చెమటతో, మట్టి చేతులతో. నేను విన్న సమాధి ప్రార్థనల్లో అంత నిజమైనది మరొకటి లేదు.

అయితే కథ అక్కడితో తీరలేదు. పెద్దలు మళ్లీ కూర్చున్నారు. తప్పు ఒప్పుకునేదాకా మా అత్త పిల్లలకు పాఠం చెప్పకూడదు, ప్రభు బల్లలో, అంటే యేసు జ్ఞాపకంగా పంచే రొట్టెలో, పాలు పొందకూడదు. అయ్యగారు వద్దని మొత్తుకున్నా ఆగలేదు. అంతటి దెబ్బకు ఇంకెవరైనా ఎల్లారెడ్డిలో వేరే సంఘానికి పోయేవారు. చాలామంది పిలిచారు కూడా. ఆమె పోలేదు. ప్రతి ఆదివారం అందరికన్నా ముందు వచ్చి, ముందు చాప మీద కూర్చునేది. ప్రభు బల్ల ఉన్న ఆదివారం, రొట్టె పళ్లెం పట్టుకుని పెద్దలు వరసల వెంట వస్తుంటే, తన వంతుకు చెయ్యి చాపేది. పళ్లెం దాటిపోయేది. ఆమె చెయ్యి దించేది కాదు. చివరి పాట అయ్యేదాకా ఆ అరచెయ్యి అలాగే తెరిచి ఉండేది.

"ఎందుకత్తా, ఇజ్జత్ పోగొట్టుకుంటవు?" అన్నాను ఒక ఆదివారం ఇంటికొస్తూ. నాకు ఏడుపొస్తోంది.

"ఇజ్జత్ ఉన్నోళ్లు అడుక్కోరు బిడ్డా. కృప దగ్గర అందరం అడుక్కునేటోళ్లమే. నేను చెయ్యి దించితే, వాళ్లు చేసింది సరే అని ఒప్పుకున్నట్టయితది."

నెలలు గడిచాయి. ఒక ఆదివారం పళ్లెం ఆమెను దాటి, పక్కనే కూర్చున్న ఆ అవ్వ దగ్గర ఆగింది. అవ్వ తన ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. రెండుగా విరిచి, సగం మా అత్త చేతిలో పెట్టింది. పళ్లెం పట్టుకున్నది బాపు. ఆయన చూశాడు, ముందుకు నడిచాడు.

మళ్లీ ప్రభు బల్ల వచ్చినప్పుడు బాపు మా అత్త ముందు ఆగాడు. పెద్దలు ఏదీ తీర్మానించలేదు, ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆగి, పళ్లెం కిందికి వంచాడు. ఆమె ఒక ముక్క తీసుకుంది. ఆ రోజు ఇంట్లో బాపు సరిగా తినలేదు. చెయ్యి కడుక్కుంటూ మా అమ్మతో అన్నాడు, "చెయ్యి అట్లనే పట్టుకొని కూసుంటది. ఎన్నిసార్లని దాటిపోతం?" ఆయన నోటి నుంచి క్షమాపణకు దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. మా అత్త అంతకన్నా అడగలేదు. మర్నాడే మక్క గట్క వండి, గిన్నెలో తెచ్చి అన్న ముందు పెట్టి, పొలం గట్టు సంగతి మీద మళ్లీ కొట్లాటకు కూర్చుంది.

రెండేళ్ల కిందట ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. వైద్యం కోసం కామారెడ్డిలో మా ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో మా వీధిలో జరిగిన ఒక ప్రార్థన కూటానికి తీసుకెళ్లాను. బయటి నుంచి వచ్చిన బోధకుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించాడు. తర్వాత, "అమ్మా, నీలో విశ్వాసం తక్కువగా ఉంది. అది నిండితే ఈ రోగం నిలవదు" అన్నాడు.

మా అత్త ఆయన చెయ్యి నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది.

"అయ్యా, రోగం పోతెనే దేవుడు నావాడని నేను బేరం పెట్టుకోలే. పోకున్నా నావాడే. నా కడుపుల గడ్డను పట్టి నా విశ్వాసం తూచకుండ్రి."

ఆటోలో వస్తూ చాలాసేపు నవ్వింది. ఇంటికొచ్చాక నొప్పికి మంచం పట్టెను పట్టుకుని ముడుచుకుపోయింది. నీళ్లిచ్చి పక్కన కూర్చుని అడిగాను, "భయమైతుందా అత్తా?"

"అయితది, ఎందుకు కాదు? భయమూ విశ్వాసమూ ఒక్క ఇంట్లనే ఉంటయి బిడ్డా. బయట ఎవలన్న పిలిస్తే ఎవలు తలుపు తీస్తరన్నదే ముచ్చట."

చివరి నెలలు సొంత ఊరికి పోతానని పట్టుబట్టింది. తన గదిలోనే, కిటికీ తెరిచి పెట్టించుకుని పోయింది. పొద్దున టీ పట్టుకెళ్లిన బాపుకే మొదట తెలిసింది.

ఆ సాయంత్రమే సమాధి. చర్చిలో బాపును రెండు మాటలు చెప్పమన్నారు. కర్ర ఆనించుకుని లేచాడు. "నా చెల్లె నా మాట ఇనలే" అన్నాడు. కర్రను ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఇనకపోవుడే మంచిగైంది." కూర్చున్నాడు. ఆ రోజు ఆమె గురించి ఎవరైనా చెప్పిన మాటల్లో నేను ఒప్పుకునేది అదొక్కటే.

పెట్టెను గుంతలోకి దించుతుండగా పోచారం చెరువు వైపు నుంచి వాన కమ్ముకొచ్చింది. మామూలు వాన కాదు. క్షణంలో ఒడ్డు మట్టి కరిగి గుంతలోకి జారడం మొదలైంది. మగవాళ్లు చెట్ల కిందికి పరుగెత్తారు. "వాన తగ్గినంక పూడ్తం, అందరు ఇటు రాండ్రి" అని ఎవరో అరిచారు. ఆడవాళ్లు కదల్లేదు. ఒకామె ఊళ్లోకి ఉరికి, వడ్ల కుప్పల మీద కప్పే పెద్ద పరదా మోసుకొచ్చింది. తలా ఒక అంచు పట్టుకుని గుంత మీదికి ఎత్తారు. నేనూ ఒక మూల పట్టుకున్నాను. నడిమధ్యన నీళ్లు నిండి బరువుకు కిందికి దిగుతుంటే తలలతో పైకి నెట్టారు. చేతులు గుంజుతున్నాయి. ఒక్కరూ దించలేదు.

బాపు చెట్టు కింద నిలబడలేదు. వానలో తడుస్తూ, కర్ర బురదలో దిగబడుతుంటే, గుంత వైపు నడిచి వచ్చాడు. "ఒంగి రా బాపూ, లోపలికి రా" అని ఆడవాళ్లు తమ వైపు అంచు ఎత్తారు. ఆయన తలవంచి లోపలికి వచ్చాడు. పైన పరదా మీద వాన డప్పులా మోగుతోంది. కింద, తడవకుండా మిగిలిన మట్టిలో మోకాళ్లూని, ఆయన రెండు చేతులతో గుంత నింపుతున్నాడు.