కుళాయి దగ్గర నేను పెట్టిన తగవు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క ముక్కలో చెప్పాలంటే, స్నేహంగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకి నా పని కోసం తగవు పెట్టాను.

తొంభైల చివర్లో రేడియోకి సమాజ సమస్యల మీద కార్యక్రమాలు చేసేవాణ్ణి. సారా, బడి మానేసిన పిల్లలు, రొయ్యల చెరువుల పక్కన ఉప్పుబారిన బావులు, ఏది చేసినా బాధ చెవికి వినిపించాలని నా పట్టుదల. పట్టుదల మంచిదే. దాన్ని పట్టుకున్న మనిషే కొంచెం తేడా.

ఎండాకాలం కాలువలు కట్టేశాక, పెనుగొండ దగ్గర ఒక ఊరికి మంచినీళ్ళ కరువు గురించి రికార్డు చెయ్యడానికి వెళ్ళాను. కుళాయి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలీదు. దాని ముందు బారుగా బిందెలున్నాయి గాని ఒక్క మనిషి లేడు. పేరు చెక్కించిన బిందెని వరసలో పెట్టి ఎవరింటికి వాళ్ళు పోయారు. ఇంకొకరి బిందె జరపడం ఆ ఊళ్ళో ఎరగరు. నా టేప్‌రికార్డర్‌లో కాకి అరుపు తప్ప ఇంకేమీ పడలేదు.

పక్కింటి అరుగు మీద ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు చింతపండు గింజలు తీస్తున్నారు. ఒకావిడ బొద్దుగా, నవ్వుమొహంతో ఉంది. ఈమధ్యే కొడుకు పెళ్ళి చేసిందట, గుమ్మానికి తోరణం ఇంకా ఉంది. రెండో ఆవిడ సన్నగా, కాస్త పెద్దావిడ.

"నీళ్ళ దగ్గర దెబ్బలాటలు జరగవా అండీ?" అని అడిగాను.

"ఎందుకు జరుగుతాయండీ? వరస ఉంది కదా," అంది పెళ్ళింటావిడ.

ఈ జవాబు నాకు పనికిరాలేదు. పైవాళ్ళకి మీ కష్టం తెలియాలంటే దెబ్బలాడినట్టు నటించమన్నాను. మొహమాటపడుతూనే కుళాయి దగ్గరికి వచ్చారు.

"వదినగారూ, మీ బిందె కాస్త పక్కకి తీస్తారా అండీ?"

"అయ్యో, మీరే ముందు పట్టుకోండి వదినగారూ."

"ఇది పేరంటంలా ఉందండీ. తిట్టుకోవాలి," అన్నాను.

"నాకు తిట్లు రావండీ," అంది పెళ్ళింటావిడ.

"పుట్టాక ఎవర్నీ తిట్టలేదా?"

"మా గేదెని తిడతానండి, ఆయ్."

"అయితే ఈవిణ్ణి గేదె అనుకోండి."

"అనుకోండి వదినగారూ, పర్లేదు," అంది సన్నటావిడ.

అనుకోవడమే తడవు, ఆవిడ గొంతు వీధి దాటింది. "నీ కాళ్ళు విరిగిపోను! మా ఇంట్లో అడుగుపెట్టి చూడు! తిండి పెట్టకుండా రాటకి కట్టేస్తాను, తోలు ఒలిచేస్తాను!"

కుళాయి దగ్గర మనుషులు ఇలా తిట్టుకుంటారా అన్న అనుమానం నాకు రాలేదు. "ఇంకొంచెం గట్టిగా అండీ," అన్నాను.

ఆ కార్యక్రమం తీరా ఆషాఢంలో వచ్చింది. అప్పటికి కాలువలు నిండి పారుతున్నాయి. మా పై ఆఫీసరు జీవం ఉందని మెచ్చుకున్నాడు. మర్నాడు ఫోన్ వచ్చింది. ఎస్టీడీ బూత్ నుంచి సన్నటావిడ.

"కొంప ముంచేశారండీ బాబూ! రేడియోలో వస్తున్నానని మా వదినగారు తణుకులో వియ్యాలవారికి చెప్పుకున్నారండి. కొత్తకోడలు ఆషాఢానికి పుట్టింట్లోనే ఉందా, వాళ్ళంతా కూర్చుని విన్నారు. శ్రావణం వచ్చినా పిల్లని పంపేది లేదంటున్నారండి!"

"ఆవిడే వెళ్ళి జరిగింది చెప్పకూడదా అండీ?"

"ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప ఎలా తొక్కుతారండీ? చోద్యం కాకపోతే!"

నేను తిట్టమన్న మాటలున్న అసలు టేపు వినిపిద్దామంటే, దాని మీద అప్పటికే ఎరువుల గురించి ప్రసంగం ఎక్కించేశాం. సన్నటావిణ్ణి వెంటబెట్టుకుని తణుకు వెళ్ళాను. అమ్మాయి తండ్రి కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, మొత్తం విన్నాడు.

"మా వియ్యపురాలు మంచిదని మీరంటున్నారు. రేడియోలో ఇంకోలా ఉంది. రేడియో అబద్ధం చెబుతుందా అండీ?"

శ్రోతల నమ్మకం కోసం ఇన్నేళ్ళూ పాకులాడాను. అది అంత గట్టిగా ఉంటుందనుకోలేదు.

"తిట్టమన్నది నేనేనండి. ఆవిడ తిట్టింది గేదెని."

"గేదెని తిట్టే నోరు కోడల్ని తిట్టదా?" అంది అమ్మాయి తల్లి.

తలుపు చాటు నుంచి అమ్మాయి అందుకుంది. "అవి నేను రోజూ విన్న తిట్లేనమ్మా. అలా తిడుతూనే దానికి తవుడు కలిపి పెడతారు."

"నువ్వుండవే," అన్నాడు తండ్రి. తర్వాత నాతో, "మా వీధంతా విన్నారండి. నా ఒక్కడికీ చెబితే ఏం లాభం? అదే రేడియోలో, అదే టైముకి చెప్పండి."

నాకు ముందు గుర్తొచ్చింది ఆ అమ్మాయి కాపురం కాదు, నా ఉద్యోగం. "చూస్తానండి," అన్నాను.

తిరుగు బస్సులో సన్నటావిడ, "నీళ్ళ గురించి అడిగితే పంచాయితీ ఆఫీసులో కూడా చూస్తామనే అంటారండి," అంది.

మర్నాడు ఆఫీసరు ముందు నిలబడ్డాను. "మనం అబద్ధం ఆడామని మనమే చెప్పుకుంటామా?" అన్నాడు. నేను ఆడానని నేను చెప్పుకుంటానన్నాను. చాలా తిట్టాడు. ఆ తిట్లు నటన కాదు. చివరికి రెండు నిమిషాలు ఇచ్చాడు.

రికార్డు చేశాక ఇంకో భయం పట్టుకుంది. తగవైతే వింటారు, క్షమాపణ ఎవరు వింటారు? ప్రసారం రోజున తణుకు వెళ్ళి, ఆ వీధిలో గుమ్మం గుమ్మానికీ తిరిగి రేడియో పెట్టండని బతిమాలాను. "మళ్ళీ తిట్లున్నాయా అండీ?" అని ఒకాయన ఆశగా అడిగాడు. ఉన్నాయి, ఈసారి నాకేనన్నాను. అందరూ అరుగుల మీదికి వచ్చారు.

ఆ ఊళ్ళో కుళాయి దగ్గర ఎవరూ తగవులాడలేదని, తగవు తెచ్చినవాణ్ణి నేనేనని, ఆ తల్లి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదని రేడియోలో నా గొంతు చెబుతోంది. వీధి మధ్యలో నేను తల వంచుకుని నిలబడ్డాను. అయిపోయాక అమ్మాయి తండ్రి రేడియో కట్టేసి, లోపలికి తిరిగి, "శ్రావణంలో మంచిరోజు ఎప్పుడొచ్చిందో చూడవే," అన్నాడు.

ఆ మంచిరోజున నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. సారె సామాను బస్సుకి ఎక్కించాను. కాజాల బుట్ట ఊరు చేరేదాకా నా ఒళ్ళోనే ఉంది. ఒక్కటీ ముట్టుకోలేదు. తినమని ఎవరూ అనలేదు కూడా.