ఎర్రిస్వామి సార్ పెద్ద మాటలు

పెనుకొండలో ఆఫీసుల ముందర నాకు ఒక జిరాక్స్ షాపు ఉంది. దాని అరుగు మీద కూర్చుని ఎర్రిస్వామి సార్ పదకొండేళ్లు అర్జీలు రాశాడు. అరవై ఆరేళ్ల మనిషి, ఉతికిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. వీధిలో మిగతావాళ్లంతా తెలుగులో రాస్తే ఈయన ఇంగ్లీషులో రాసేవాడు. ఇంగ్లీషు కాగితం బల్ల మీద పడితే ఎంతటి ఆఫీసరైనా సర్దుకుని కూర్చుంటాడని ఆయన నమ్మకం. నాకేమో ఒళ్లు మండేది. ఒక్కో అర్జీకి గంట పట్టేది, జనం నా మెట్లన్నీ ఆక్రమించి బీడీలు కాల్చేవాళ్లు.

గంట ఎందుకంటే, మాటను తూచి రాసేవాడు. ముఖ్యమైన సంగతిని ముఖ్యమని చెప్పే ఇంగ్లీషు మాటలన్నిటినీ, హిందూపురంలో కొన్న పాత డిక్షనరీలోంచి ఏరి నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. వీధిలైటుకూ కొళాయికీ 'ఇంపార్టెంట్'. పొలం గట్టు తగాదాకు 'సీరియస్'. ఆసుపత్రి పనికి 'వైటల్'. ప్రాణం మీదికొస్తే 'గ్రేవ్'. అన్నిటికీ పైన 'పారమౌంట్'. దాన్ని తన బతుకులో రెండే సార్లు వాడాడట. అందులో ఒకటి ధర్మవరం నేతగాడు ఆంజనప్ప కోసం. వాన నీళ్లు ఇంట్లోకొచ్చి మగ్గం గుంత నిండిపోయి, సగం నేసిన పట్టుచీర పాడైతే సాయం కోరుతూ రాసిన అర్జీ అది. తొమ్మిది రోజుల్లో సాయం వచ్చింది. "మాట చేసిన పని స్వప్నా అది!" అని నాకు వందసార్లు చెప్పుంటాడు.

"అందరికీ ఆ పెద్దదే రాసి పడేస్తే పోదా సార్?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"కొళాయికి పారమౌంట్ అని రాసేస్తే, రేపు నిజంగా సచ్చేవానికి ఏం రాయల్ల పాపా? మాటకు ఇలువ ఉండాల" అన్నాడు.

పోయిన ఎండాకాలం ఒక సోమవారం తిప్పమ్మ వచ్చింది. వాళ్లది రొద్దం దగ్గర పల్లె. ఆమె, ఆమె మొగుడు పుల్లయ్య గొర్రెలు మేపుకుని బతికేవాళ్లు. గొర్రెలు తోలుకుపోయే దోవలో కరెంటు తీగ జారి వేలాడుతోందని చెప్పుకోవడానికి వచ్చింది.

"మా ఇంటాయన పొడుగు మనిషి సామీ. కొమ్మలు కోసే దోటి బుజాన పెట్టుకోని, దినామూ ఆ తీగ కింద వంగి పోతాండాడు. నాకు బయమైతాండాది. గట్టిగా రాయి."

సార్ నోటుబుక్కు తిరగేశాడు. తీగ కరెంటుది, కరెంటు పని వీధిలైటు వరసలోకి వస్తుంది. 'ఇంపార్టెంట్' అని రాశాడు. చదువు రాని తిప్పమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్ద మాట ఏసినావా సామీ?"

"తగిన మాట ఏసినా పో తల్లీ. ఇంకా ఏం కాలేదు గదా."

కాపీలు తీసింది నేనే. కంప్యూటర్లో ఆన్‌లైన్ అర్జీగా ఎక్కించిందీ నేనే.

ఇరవై రెండో రోజు పుల్లయ్య దోటి ఆ తీగకు తగిలింది. ఇనుప కొడవలి కట్టిన దోటి అది. మనిషి అక్కడికక్కడే పోయాడు.

కర్మకాండలన్నీ అయ్యాక తిప్పమ్మ చావు సర్టిఫికెట్టు కాపీల కోసం నా షాపుకు వచ్చింది. సంగతి విని సార్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో తల్లీ. పరిహారానికి నేను రాస్తా. నాకు దుడ్లేమీ వద్దు. పారమౌంట్ అని రాస్తా. దానికి మించిన మాట లేదు."

తిప్పమ్మ ముఖంలో కోపమైనా లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"ఆ పొద్దు ఆ మాట నీ దగ్గర ఉన్నిందా సామీ?"

"ఉన్నింది."

"నీ దగ్గర పెట్టుకోనే, మాకు ఇయ్యలేదా?"

ఆమె కాగితాలు కొంగులో చుట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారం రోజులు సార్ ఒక్క అర్జీ రాయలేదు. రోజూ వచ్చి అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. టీ తెప్పించి ఇస్తే చల్లారిపోయేది. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆయప్పను నేనే సంపినా పాపా" అన్నాడు. ఆ బరువు దించుదామనే నోరు తెరిచాను.

"మీ తప్పేం లేదు సార్. ఆ కాగితం ఎవరూ చదవలేదు. కంప్యూటర్లో ఊరు పేరు, శాఖ పేరు, పనేందో ఒక ముక్క, అంతే కొట్టేది. మీ కాగితం స్కాన్ చేసి వెనకాల తగిలిస్తా. దాన్ని తెరిచినారా లేదా అనేది నాకు కనపడతాది. ఆన్‌లైన్ వచ్చినప్పటి నుంచి మీది ఒక్కటి కూడా తెరవలేదు. మీరు ఏ మాట రాసున్నా ఆ తీగ అట్లనే ఉండేది."

"మరి ఆంజనప్పకు వచ్చింది గదా?"

"ఆ వీధి మొత్తానికి ఇచ్చినారంట సార్. అర్జీ పెట్టనోళ్లకు గూడా."

ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"ఇదంతా నీకు ముందే తెలుసునా?"

"తెలుసు సార్."

"ఆ పక్క లైన్‌మన్ మురళి మా ఊరోడే పాపా. మాటతో పని కాదని తెలిసుంటే వానికి ఫోన్ చేసుందును. ఆ సాయంత్రమే వచ్చి తీగ ఎత్తి కట్టుండేవాడు. నువ్వు ఒక్క మాట చెప్పింటే అయిపోయేది గదా."

నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆయన అరుగు మీద ఉంటేనే నా షాపుకు జనం వచ్చేవాళ్లు. అర్జీకి నాలుగు కాపీలు. పైగా ఆయన నమ్మకాన్ని చూసి నవ్వుకోవడం నాకు బాగుండేది. ఆ రోజు ఆయన వెళ్తుంటే ఈ సంగతి చెప్పలేక, మిషన్లో కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.