బిట్ల మాస్టారి ఇన్వర్టర్

వనస్థలిపురంలో గంగాధరరావు ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. బిట్ల మాస్టారి ఇల్లంటే కూరగాయల బండివాడు కూడా చూపిస్తాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు ఇరవై రెండేళ్లు ఎలక్ట్రికల్ బిట్లు రాసి, ప్రశ్నకు మూడు తప్పు జవాబుల చొప్పున తయారుచేసి బతికిన మనిషి. ఆ పిచ్చి ఇంట్లోకీ తెచ్చాడు. భార్య సూర్యప్రభ కూర వడ్డిస్తే, "ఉప్పు: ఎక్కువ, తక్కువ, సమానం, పైవేవీ కావు" అని తనలో తనే నవ్వుకుంటాడు. ఆ నవ్వు వింటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మహానుభావుడు ఒక్క బల్బు మార్చిన పాపాన పోలేదు.

ఆవిడకు ఉబ్బసం. ఆయాసం వస్తే నెబ్యులైజర్ పెట్టుకోవాలి, దానికి కరెంటు కావాలి. కొత్త లైన్ల పని పేరుతో వారం నుంచి పదకొండుకు తీసిన కరెంటు నాలుగుకు గాని రావడం లేదు. ఇంట్లో ఇన్వర్టరేమో మూడు రోజుల క్రితం చచ్చి ఊరుకుంది. మెకానిక్కులు రాకపోలేదు. వచ్చినవాళ్లకు ఈయన గుమ్మంలోనే పరీక్ష పెట్టాడు. సైదులు ఇన్వర్టర్‌ను కన్వర్టర్ అన్నాడని పంపేశాడు. సాయినాథ్ స్టెబిలైజర్ అన్నందుకు పది నిమిషాలు క్లాసు పీకి మరీ పంపాడు.

ఇవాళ మధ్యాహ్నం అల్మాస్‌గూడ నుంచి తీతు అనే ఇంకో మెకానిక్ వచ్చేసరికి, సూర్యప్రభ మంచం పట్టె పట్టుకుని ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. గుమ్మంలోంచి మళ్లీ మొగుడి గొంతే వినిపించింది.

"డీసీని ఏసీగా మార్చేదాన్ని ఏమంటారు?"

"ఇన్వర్టర్ సార్."

"శభాష్! మరి ఏసీని డీసీగా?"

"గదే సార్, ఛార్జింగ్ ఎక్కిస్తది గదా."

"రెక్టిఫైయర్ అనాలయ్యా! పేరే తెలియనివాడివి పెట్టెలో చెయ్యెలా పెడతావు?"

ఛీ, ఏం జన్మ! సూర్యప్రభ గోడ పట్టుకుని వచ్చి మొగుణ్ణి భుజంతో పక్కకు నెట్టింది. "నువ్వు రా బాబూ."

ఆవిడ ముఖం చూసి తీతు ఇంకేమీ అడగలేదు. బండి మీదున్న చిన్న బ్యాటరీ తెచ్చి, పాతదాని వైర్లు పీకి దీనికి తగిలించాడు. నెబ్యులైజర్ గుర్రుమంది. మాస్కులోంచి మందు పొగ లోపలికి పోతుంటే ఆవిడ కళ్లు మూసుకుంది.

పాత బ్యాటరీ మూతలు తిప్పి చూసి తీతు నోరు నొక్కుకున్నాడు. "ఎన్ని నెలలైంది సార్ నీళ్లు పోసి? చుక్క లేదు దీంట్ల. ఇగ బతుకుతదో లేదో."

"అదలా ఉంచు. చూశావా, ఇప్పుడు జరుగుతున్నదాన్నే ఇన్వర్షన్ అంటారు," అన్నాడు గంగాధరరావు వేలెత్తి.

సూర్యప్రభ మాస్కు కిందికి లాగింది.

"ఏవండీ, నాదొక బిట్టు. బ్యాటరీలో నాలుగు చుక్కల నీళ్లు పోయకుండా, పెళ్లాం ఊపిరాడక చస్తుంటే బాగుచేసేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి పరీక్షలు పెట్టేవాణ్ణి ఏమంటారు?"

వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. తీతు తల వంచుకుని మూతలు బిగిస్తున్నాడు.

"ఆప్షన్లు కూడా మీరే రాయండి. నాలుగూ కరెక్టే అవుతాయి," అని ఆవిడ మాస్కు మళ్లీ పెట్టుకుంది.