యాకమ్మ పేరుకు పలికిన పిల్ల

మా చిన్నప్పుడు... బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున్నే సారు మమ్మల్ని ఎండలో నిలబెట్టి, మిరపకాయల్లో తాలు ఏరినట్టు ఏరేవాడు. బట్టలు చిరిగినవాళ్లు, చేతులకు గజ్జి ఉన్నవాళ్లు బడి వెనక్కి. మిగిలినవాళ్లు లోపలికి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది కొడకండ్ల దగ్గర చిన్న ఊరు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు సద్దుమణిగిన కొత్త రోజులు. సారు వారంలో రెండు రోజులు వస్తే గొప్ప... వచ్చినా కుర్చీలో కునుకే. ఇక మాకు చదువెక్కడిది? అందుకే తనిఖీ రోజు పక్క ఊరి పెద్దబడి నుంచి బాగా చదివే పిల్లల్ని ఎడ్లబండిలో తెప్పించి, వాళ్లకు మా పేర్లు నేర్పించి కూర్చోబెట్టేవాడు. సిగ్గూ శరం లేని పని.

నా పక్కన కూర్చునే యాకమ్మకు మాత్రం నిజంగానే చదువు వచ్చు. వాళ్ల అన్న దగ్గర నేర్చుకుంది. వాళ్ల బాపు కూలికి పోయేవాడు. ఒక ఏడు తనిఖీ ముందు బిడ్డకు తెగేసి చెప్పాడు.

"ఇన్‌స్పెక్టర్ సారు నువ్వు మంచిగ సదివినవంటెనే బడి. లేకుంటె రేపటి సంది నాతోని కలుపు తియ్య రావాలె."

పాపం, బర్రెల వెంట తిరుగుతూ కూడా తనిఖీలో చదవాల్సిన పాఠమే వల్లెవేసింది.

ఆ పొద్దు సారు యాకమ్మ చేతులు తిప్పి చూశాడు. గజ్జి. "నువ్వు ఎనకకు పో" అన్నాడు, అంతే.

మా నాయినకు కిరాణా దుకాణం. నా బట్టలు మంచివి కాబట్టి నన్ను లోపలే ఉంచాడు. నా పక్కన పౌడరు రాసుకున్న కొత్త పిల్ల కూర్చుంది. ఇన్‌స్పెక్టరు "యాకమ్మా" అని పిలవగానే లేచి గడగడా చదివేసింది.

అంతలో కిటికీ దగ్గర నుంచి అరుపు... "సార్, యాకమ్మను నేను! నేను సదువుత సార్!"

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. అతనికి అంతా అర్థమైంది, ముఖంలోనే తెలిసిపోయింది. అయినా మా సారు వైపు తిరిగి నవ్వాడు.

"ఆ పొల్లను అవతలికి పంపు. అన్నం యాళ్లయితుంది."

తర్వాత "యాకమ్మ మంచిగ సదివింది" అని అందరికీ వినిపించేలా మెచ్చుకుని, సంతకం పెట్టి, సారు ఇంటికి కోడికూర తినడానికి నడిచాడు. థూ... అదీ ఒక తనిఖీయేనా!

బిడ్డ చదువు సంగతి విందామని వచ్చిన యాకమ్మ బాపు గుమ్మం అవతల నిలబడి అంతా విన్నాడు. సారును నిలదీసే రోజులు కావవి. బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నవా బిడ్డా... యాకమ్మ మంచిగ సదివిందట. ఇగ సాలు, నడువు."

ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

ఇప్పుడు అధికారులు వచ్చి ఫోన్లో ఫొటో తీసుకుని పోతున్నారట. గోడలకు రంగులొచ్చాయి, బెంచీలొచ్చాయి... పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చదివించుకునే మనిషే ఇంకా రాలేదు. మీ బడికి వచ్చినవాళ్లు ఎలాంటివాళ్లు? బయట నిలబడ్డ పిల్లను లోపలికి పిలిచినవాడు ఒక్కడున్నా చెప్పండి... అలాంటి మనిషి గురించి ఒక్కసారైనా వినాలని ఉంది.