నేను చదివితే నాగేశ్వరరావు చెప్పాడు

నా పేరు షేక్ మదార్ సాహెబ్. దివిసీమలో మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. అరబ్బీ మాత్రం మసీదు ఇమాంగారి ముందు ఏడేళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. "నువ్విక్కడ చదివే ఈ మాటలే చైనాలోనూ ఆఫ్రికాలోనూ మనవాళ్ళు నమాజులో చదువుతారురా, ఒక్క అక్షరం తేడా ఉండదు" అనేవారాయన. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి.

1971లో విజయవాడ వన్ టౌన్‌కి వచ్చాను. పగలు పరుపులు కుట్టేవాణ్ణి. పొద్దున్నే నమాజు కాగానే మా అరుగు మీద పిల్లలకి ఖురాన్ చదవడం నేర్పేవాణ్ణి. ముప్పై మూడేళ్ళలో నా దగ్గర మొదటి పుట నుంచి చివరి పుట దాకా ముగించినవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. ఆరుగురికి గ్రంథమంతా కంఠతా వచ్చు. ఉప్పెన వచ్చిన మర్నాడు కూడా బడి ఆపలేదు. 92లో మసీదు కమిటీవారు శాలువా కప్పారు. ఎవరూ చెప్పరు కనక నేనే చెప్పుకుంటున్నాను.

ఆ పిల్లల్లో అన్వరీ ఒకతె. తొమ్మిదో ఏటే ముగించింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో రెండోసారి చెప్పించుకునేది కాదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే అష్ఫాక్‌కిచ్చి పెళ్ళి చేశారు. అతను 97లో సౌదీ వెళ్ళాడు. శుక్రవారం శుక్రవారం ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవాడు. 99లో ఆ ఫోన్లు ఆగిపోయాయి. రెండు నెలలు ఏ కబురూ లేదు.

రంజాన్ నెల సగమైందనగా ఒక మధ్యాహ్నం అన్వరీ చేతిలో కవరుతో పరుగెత్తుకొచ్చింది. వెనకాలే వీధిలో ఆడవాళ్ళంతా. లోపల ఒకే కాగితం, అంతా అరబ్బీ, కింద గుండ్రటి ముద్ర.

"ఉస్తాద్‌గారూ, మనిషి ఉన్నాడా లేడా, అదొక్కటి చెప్పండి."

ఖురాన్ ముట్టేముందు కడుక్కున్నట్టే కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకొచ్చి, టోపీ సర్దుకుని కాగితం విప్పాను. ఆడవాళ్ళు తలమీద కొంగులు కప్పుకున్నారు. ఖురాన్‌లో ప్రతి అక్షరానికీ పైనా కిందా చిన్న గీతలుంటాయి, ఎలా పలకాలో అవి చెబుతాయి. ఈ కాగితంలో అవి లేవు. పలికినా అర్థం నాకేం తెలుసు? నేను నేర్చింది చదవడం, నేర్పిందీ చదవడమే. అష్ఫాక్ పేరు దొరికింది. వఫాత్ అనే మాట కోసం పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. చనిపోవడాన్ని ఉర్దూలోనూ అలాగే అంటాం కదా. కనబడలేదు. కానీ చావుని అరబ్బులు ఇంకెన్ని రకాలుగా రాస్తారో నాకేం తెలుసు!

అంతా క్షేమమేనని చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. అన్వరీ మొహం చూసి ఆగాను.

"నాకు తెలియడం లేదమ్మా" అన్నాను.

"మీకు తెలియకపోవడమేంటి?" అంది వెనకనుంచి పక్కింటి ముసలమ్మ. "మా ఇంట్లో ముగ్గురికి నేర్పారు!"

అర్థం తెలిసిన మౌల్వీగారు మదరసా సెలవులకి సొంతూరు వెళ్ళారు, పండగ దాటితేగాని రారు. అప్పుడు అన్వరీయే అంది, "మా ఆయన పనిచేసిన షెడ్డు పక్కన క్రేన్ మెకానిక్ నాగేశ్వరరావుగారున్నారు. కువైట్‌లో పద్నాలుగేళ్ళు చేశారు."

ఉపవాసంతోనే ఆటో ఎక్కాం. దుమ్ముకి నోరెండిపోయింది. నాగేశ్వరరావు గ్రీజు చేతులు తుడుచుకుంటూ "టీ చెప్పనా... అయ్యో, రోజా కదండీ" అని నాలిక కరుచుకున్నాడు. కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"మాట్లాడటం వచ్చండీ, అక్షరం ముక్క రాదు. మీరు చదవండి, అర్థమైతే చెప్తా."

నాలుగు వందల మందికి ఉస్తాద్‌ని, స్పేర్ పార్టుల డబ్బా మీద కూర్చుని మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ రాగం వచ్చేసింది.

"సాగదీయకండి సాహెబ్‌గారూ! మామూలుగా, కేకేసి పిలిచినట్టు చదవండి."

గీతలు లేని మాటల్ని నాలుగు రకాలుగా పలికి చూపించాను. "ముస్తషఫీ... ముస్తుషిఫా..."

"ముస్తష్ఫానా? ఆసుపత్రి! ఆసుపత్రిలో ఉన్నాడమ్మా. తర్వాత?"

"కసర్... కస్ర్..."

"ఎముక విరిగింది. ఊఁ, కానీండి."

"సాఖ్."

"కాలు."

తర్వాతి మాట మూడుసార్లు చదివాను. "హాలతుహు ముస్తఖిర్రా." నాగేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పండి అన్నా" అంది అన్వరీ.

"ఉండమ్మా, ఈ మాట విన్నాను... మా సుడానీ ఒకడు క్రేన్ మీంచి పడ్డప్పుడు డాక్టరు ఇదే అన్నాడు. నిలకడగా ఉందని."

"ఆ సుడానీ ఏమయ్యాడు?"

"వాడికేం, మళ్ళీ పెళ్ళి కూడా చేసుకున్నాడు!"

అన్వరీ నవ్వబోయి కింద కూలబడింది. కాసేపటికి నాతో అంది, "మా నాన్న పోయినప్పుడు మీరు నేర్పిన యాసీన్ అధ్యాయం చదివాను ఉస్తాద్‌గారూ. ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా గుండె నిలబడింది. ఇది అర్థమయ్యాక చూడండి, చేతులెలా వణుకుతున్నాయో."

ఆ సాయంత్రం ఖర్జూరంతో రోజా విడిచి, ముస్తఖిర్రా అంటే నిలకడ అని లోలోపల రెండుసార్లు అనుకున్నాను.

అష్ఫాక్ ఆరు నెలలకి చేతికర్రతో వచ్చాడు. ఇప్పుడు ఆటోనగర్‌లోనే స్పేర్ పార్టుల కౌంటర్‌లో కూర్చుంటున్నాడు. మొన్న అన్వరీ తన కూతురు అర్ఫాని తీసుకొచ్చింది. ఆరేళ్ళది.

"అర్థం నా దగ్గర లేదమ్మా" అన్నాను. ముప్పై మూడేళ్ళలో చదువు కోసం వచ్చిన ఏ తల్లితోనూ ఆ మాట అనలేదు.

"తెలుసు ఉస్తాద్‌గారూ. దానికి తర్వాత ఇంకెవరి దగ్గరికైనా పంపుతాను. ముందు మీరు చదివించండి."

పిల్ల అరుగు మీద నా ఎదురుగా కూర్చుని పుస్తకం పీట మీద పెట్టుకుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టడం కోసం ఎదురుచూస్తోంది.